నాయన ఫోన్‌లోనే ఉంటే పిల్లోడు ఏమైపోతాడు?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి పక్కన పల్లె. మా ఆయన కువైట్ పోయి 6 ఏళ్ళు, డబ్బులు కరెక్టుగా పంపిస్తాడు గానీ ఫోన్‌లో పిల్లోణ్ణి "బాగా చదువుతా ఉండావా" అని ఒక్క మాట అడిగి అమ్మకియ్యి అంటాడు. వాడికి 9 ఏళ్ళు, ఈమధ్య ఫోన్ మోగితే చాలు మిద్దెపైకి పోతా ఉండాడు. చెడిపోతాడా?

జవాబు: చెడిపోడమ్మా, ఆ మాట వదిలెయ్. నాయన పట్టించుకోకపోతే కొందరు మొండికేస్తారు, కొందరు చదువు వదిలేస్తారు, ఇంకొందరు "నేనే మంచోణ్ణి కాదేమో" అని లోపలే కుమిలిపోతారు, నాకు భయం వీళ్ళ గురించే, బయటికి కనపడరు కదా. దూరంగా ఉండడం వేరే, పట్టించుకోకపోవడం వేరే. మనకి రాత్రి 9 అయితే కువైట్‌లో 6:30 కాబట్టి వారానికి రెండుసార్లు వాడితోనే మాట్లాడమను, మార్కులు కాదు, గంగజాతరలో ఏం వేషం కట్టావురా అని అడగమను. వాడి ముందు మీ ఆయన్ని తిట్టొద్దు (తిట్టాలనిపిస్తే నాకు రాయి). మీ తమ్ముడుంటే సైకిల్ పంక్చర్ వేయించేదానికైనా వెంట తీసుకుపొమ్మను, మేనమామ తోడు చిన్నది కాదు. అప్పటికీ తిండి, నిద్ర తగ్గితే టెలీమానస్ (మనసు బాగలేనోళ్ళకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం) 14416కి చెయ్యి, ఫ్రీనే, తెలుగులోనే మాట్లాడతారు.