వేల్స్‌లో చిన్న ఊరి చర్చివాళ్ళు మనల్ని కలుపుకుంటారా?

మీరు అడిగింది ఇదీ: వేల్స్‌లో ఒక చిన్న ఊళ్ళో కేర్ హోమ్ ఉద్యోగం వచ్చింది, అక్కడ తెలుగువాళ్ళు ఎవరూ లేరు, ఆదివారం ఊరి చర్చికి వెళితే కలుపుకుంటారా, దూరం పెడతారా అని. కలుపుకుంటారు. కానీ వెనక బెంచీలో కూర్చుని ఆశీర్వాదం కాగానే లేచి వచ్చేస్తే పదేళ్ళయినా మీరెవరో ఎవరికీ తెలియదు.

నాది మచిలీపట్నం పక్కన పల్లె, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. ఆరేళ్ళుగా లానిడ్‌లోయిస్‌లో ఉంటున్నాను. సెవర్న్ నది కొండల్లో పుట్టాక తగిలే మొదటి టౌను ఇదే, జనం మూడు వేల లోపు. చర్చి ఆ నది పక్కనే. లోపలి రాతి కమానులు 1540ల్లో, మూతపడిన ఒక మఠం నుంచి పట్టుకొచ్చి నిలబెట్టినవి. మొదటి ఆదివారం వెళ్ళినప్పుడు బయటికంటే లోపలే ఎక్కువ చలి, కోటు విప్పలేదు. పాటలు ఒక్కటీ తెలియదు. కానీ పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, అన్నీ మా ఊళ్ళో వచ్చే వరసలోనే వస్తుంటే కళ్ళు మూసుకుని తెలుగులోనే చెప్పేసుకున్నాను. 1841లో మిషనరీలు నోబుల్ దొర, ఫాక్స్ దొర బందరుకి, అంటే మచిలీపట్నానికి, తెచ్చిన ఆంగ్లికన్ ఆరాధనకీ దీనికీ మూలం ఒకటే కదా. ఇక్కడ ఇంకో రకం కూడా ఉంటాయి, ఆంగ్లికన్ కాని సంఘాలవి, చాపెల్ అంటారు, వాటి పేర్లు బేతేలు, సీయోను, ఎబెనెజెరు. కృష్ణా జిల్లాలో తిరుగుతున్నట్టే ఉంటుంది.

ఇక్కడ చర్చిలన్నీ ఖాళీ అయిపోయాయి, తెల్లవాళ్ళకి భక్తి లేదు అని రాసేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. తలకాయలు లెక్కపెడితే నిజమే, కొన్ని ఆదివారాలు పాతికమందిమి కూడా ఉండం, అయ్యగారికి ఒక్కరికే నాలుగైదు చర్చిల బాధ్యత ఉండటంతో ప్రతి వారం రాలేరు. మరి తలుపు తీసేదెవరు, పూలు పెట్టేదెవరు, ఒంట్లో బాగోలేనివాళ్ళ ఇంటికి సూపు తీసుకెళ్ళేదెవరు? ఆ పాతికమందే. అందులో సగంమందికి డెబ్బై దాటాయి.

నేను వచ్చిన రెండో ఏడు జనవరిలో మా నాన్న పోయారు. అప్పుడు పనిచేస్తున్న చోట సెలవు దొరకలేదు. భూస్థాపన వాట్సాప్ వీడియోలో చూశాను, మధ్యలో రెండుసార్లు కట్ అయింది. ఆ సంగతి చర్చిలో ఒక్కరికే చెప్పాను, ఆరాధన అయ్యాక టీ కప్పులు కడిగే పెద్దావిడకి. నేను తుడుస్తుంటే ఆవిడ విన్నారు, ఏమీ అనలేదు. తర్వాత మట్టల ఆదివారం ముందు వారం వచ్చి, శనివారం ఖాళీయేనా, పాత బట్టలు వేసుకుని రా అన్నారు.

కారులో కొండమీద ఒక చిన్న చర్చికి తీసుకెళ్ళారు. డిక్కీలో బకెట్, బ్రష్షులు, సీసాల్లో నీళ్ళు, చేతినిండా పసుపుపచ్చ డాఫోడిల్ పూలు. మట్టల ఆదివారాన్ని వేల్స్‌లో 'సీల్ అ బ్లోదై' అంటారు, పూల ఆదివారం అని. దానికి ముందు తమవాళ్ళ సమాధులు కడిగి పూలు పెడతారు. మేం వెళ్ళేసరికే ఇంకో మూడు కుటుంబాలవాళ్ళు మోకాళ్ళమీద కూర్చుని రాళ్ళు తోముతున్నారు. ఆవిడ వాళ్ళాయన సమాధి దగ్గర నాకు బ్రష్ ఇచ్చారు. అక్షరాల సందుల్లో నాచు. తోముతూ మా సమాధుల పండుగ గురించి చెప్పాను, నవంబరు 2న సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తామని. నవంబరులో మీ నాన్నకి ఎవరు చేస్తారు అని అడిగారు. తమ్ముడున్నాడండీ అన్నాను.

కాసేపటికి గోడవార యూ చెట్టు కింద ఒక రాయి చూపించారు. వీళ్ళ తాలూకు మనుషులు ఇప్పుడెవరూ లేరు, ఇన్నాళ్ళూ నేనే కడుగుతున్నాను, నా మోకాళ్ళు వంగడం లేదు, ఇకమీదట ఇది నువ్వు చూసుకుంటావా అన్నారు. నాన్న పేరు ఎత్తలేదు. పేరు సగం చెరిగిపోయిన ఆ రాయిని గంటసేపు తోమాను. ఏడుపు ఆగలేదు. ఆవిడ ఇటు చూడకుండా తన పని తను చేసుకున్నారు. ఇంతలో ఒక రైతు వచ్చి ఈ అమ్మాయి ఎవరి తాలూకు అని అడిగాడు, అచ్చం మన పల్లెల్లో అడిగినట్టే. మా చర్చి అమ్మాయి అని ఆవిడ చెప్పారు. తర్వాత ఫ్లాస్కులో టీ, బారా బ్రిత్ ముక్క, అంటే టీలో నానబెట్టిన ఎండుద్రాక్షలు వేసి చేసే రొట్టె.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనవాళ్ళు తెలుగు ఫెలోషిప్ అంటూ రెండు గంటలు డ్రైవ్ చేసుకుని బర్మింగ్‌హామ్ వెళ్తారు, బిరియానీ తిని రాత్రికి తిరిగొస్తారు, ఇంటి వీధి చివర చర్చిలో అడుగు పెట్టరు. తర్వాత ఇక్కడ మనుషులు కలవరు, ఒకటే డిప్రెషన్ అంటారు. తెలుగు పాట కోసం వెళ్ళండి, నేనూ క్రిస్మస్‌కి వెళ్తాను. కానీ రాత్రి పదకొండింటికి జ్వరం వస్తే బర్మింగ్‌హామ్ నుంచి ఎవరూ రారు.

మీకు తెలిసుండాల్సింది పెద్దగా ఏం లేదు. 'బోరె దా' అంటే శుభోదయం, 'దియోల్ఖ్' అంటే థాంక్స్, తప్పుగా పలికినా సంతోషిస్తారు. టీ తాగి వెళ్ళు అంటే డ్యూటీ ఉందని తప్పించుకోకండి, తాగాక కప్పులు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళండి. అక్టోబరులో కోత పండుగ ఉంటుంది, మనలా గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేయరు, తెచ్చిన డబ్బాలూ కూరగాయలూ లేనివాళ్ళకి తిండి సరుకులు పంచే ఫుడ్ బ్యాంకుకి పంపుతారు. ఏదో ఒకటి పట్టుకెళ్ళండి.

ఈ ఏడు పెద్దావిడ కొండ ఎక్కలేనన్నారు. శనివారం నైట్ డ్యూటీ దిగి నేనే వెళ్తాను, రెండు సమాధులూ నావే ఇప్పుడు. బ్రష్ కొనేశాను.