ఆ రాత్రి జైలు ముందు ఎవరూ అరవలేదు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. జనం ఇంటి మీద పడే ఆ మూడు పేజీల దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. ఉన్మాదంతో ఊగిపోయే గుంపు, నిప్పులు కక్కే కళ్లు, ఒకటే కేకలు. ఎవరి కళ్లయ్యా అవి? ఆ గుంపులో ఒక్కడికీ ఇల్లూ, అప్పూ, బడికెళ్లే పిల్లాడూ లేరా?

హార్పర్ లీ 1960లో రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో జైలు ముందు ఘట్టం ఒక్కటీ మళ్లీ చదువు. 1930ల నాటి అమెరికాలోని అలబామా రాష్ట్రం. తెల్లమ్మాయిని చెరిచాడని నేరం మోపిన టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలి లోపల ఉన్నాడు. తలుపు బయట, బల్బు వెలుతురులో కుర్చీ వేసుకుని అతని లాయరు ఆటికస్ పేపరు చదువుకుంటున్నాడు. నాలుగు కార్లొచ్చి ఆగుతాయి. దిగినవాళ్లు రైతులు. వేసవిలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకున్న చొక్కాలు, చెవులదాకా లాక్కున్న టోపీలు, పొద్దుపోయేదాకా మేలుకోవడం అలవాటు లేని నిద్రకళ్లు. టామ్ పడుకున్నాడు, లేపకండి అంటాడు ఆటికస్. అంతే, అందరూ గుసగుసల్లోకి దిగుతారు! చంపడానికి వచ్చినవాళ్లు నిద్ర చెడుతుందని గొంతు తగ్గించారు. నీ కేకలన్నీ కలిపినా ఆ గుసగుసంత భయం పుట్టదు.

ఇంకోటి. అక్కడి పోలీసు అధికారి షెరీఫ్‌ని దొంగ కబురుతో ముందే అడవిలోకి పంపేసి మరీ వచ్చారు. ఆవేశం ఆవేశం అంటామే, దాని వెనక ఎంత ప్లానింగ్ ఉందో చూడు.

అప్పుడు ఆటికస్ కూతురు స్కౌట్ ఒక మొహాన్ని గుర్తుపడుతుంది. కనింగ్‌హామ్, లాయరు ఫీజు కింద కట్టెలూ కూరాకులూ తెచ్చిచ్చే బీద రైతు. మీ అబ్బాయి నా క్లాసేనండీ, అడిగానని చెప్పండి అంటుంది. అతను ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, చెబుతాలేమ్మా అని, అందర్నీ తీసుకుని వెళ్లిపోతాడు.

నీ వయసులో నేనిక్కడ కన్నీళ్లు పెట్టుకున్నాను. ఇప్పుడు కాస్త అనుమానంగా చదువుతాను. అదే అలబామాలో, 1931లో, స్కాట్స్‌బొరో జైలు ముందు జనం మూగినప్పుడు గవర్నర్ సైనికుల్ని పంపాల్సి వచ్చింది. లోపలున్నది తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్లు. కొద్ది రోజులకే అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీలు వాళ్లలో ఎనిమిదిమందికి మరణశిక్ష వేయించాయి. నవల కూడా ఆ పలకరింపు దగ్గర ఆగిపోదు. ఆ అమ్మాయి ఒంటి మీద దెబ్బలు ఎడమచేతివాటం వాడివని సాక్ష్యం. పత్తి మరలో పడి ఎడమ చెయ్యి చచ్చుబడ్డ టామ్‌కి ఆ నేరం చేయడం కుదరదని కోర్టులో కళ్లెదుటే కనిపించినా, జ్యూరీ దోషి అంటుంది. తర్వాత జైలు గార్డులు అతన్ని కాలుస్తారు. ఒంట్లో 17 గుళ్లు. గుంపు వెళ్లిపోయింది, పని మాత్రం ఆగలేదు.

అయినా నేను నీకు చెప్పాలనుకున్నది కనింగ్‌హామ్ గురించి కాదు. అందరూ వెళ్లాక, పైనుంచి చీకట్లో ఒక గొంతు వినిపిస్తుంది. వాళ్లు వెళ్లిపోయారా అని. ఆ రాత్రంతా జరిగింది ఎవరి ప్రాణం కోసమో, అతనికి దక్కింది దాదాపు ఆ ఒక్క ప్రశ్నే. నీ కథలో దెబ్బలు తినేవాడికి అది కూడా లేదు.

టామ్‌కి ఎప్పుడు మెలకువ వచ్చిందో, ఎంత విన్నాడో లీ చెప్పలేదు. నీ గుంపును కాసేపు వాకిట్లోనే నిలబెట్టి, తలుపు లోపల ఉన్నవాడి దగ్గర కూర్చుని ఆ మూడు పేజీలూ మళ్లీ రాయి. సంక్రాంతిలోపు పంపితే చాలు, తొందరేం లేదు.