వివరణలో ఉన్న కొత్తదనం క్లెయిమ్‌లో లేకపోతే?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులో పైనీటి ఆక్సిజన్‌నూ అడుగునీటి ఆక్సిజన్‌నూ విడివిడిగా కొలిచి, వాటి తేడానుబట్టి తనంతట తానే తిరిగే ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) తయారుచేశాను. పేటెంట్ దరఖాస్తులో ‘ఆక్సిజన్ సెన్సర్‌తో నడిచే ఏరేటర్’ అని క్లెయిమ్ (దేనికి రక్షణ కోరుతున్నామో చెప్పే వాక్యం) రాయించాను. ముందే ప్రచురితమైన రెండు పాత పత్రాలను కలిపితే ఇది ఎవరికైనా తట్టేదేనని ఎగ్జామినర్ అభ్యంతరం పెట్టారు. రెండు లోతుల సంగతి దరఖాస్తులోని వివరణ భాగంలో ఉంది కదా, దాన్ని చూడరా?

జవాబు: చూస్తారు, కాని మీరు ఆశించిన పనికి కాదు. 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 10(4)(సి) ప్రకారం రక్షణ పరిధిని నిర్ణయించేది క్లెయిమే కనుక, సెక్షన్ 2(1)(జేఏ) కింద నూతన కల్పన (ఆ రంగం తెలిసినవారికి తేలిగ్గా తట్టని ముందడుగు) ఉందా లేదా అన్న పరీక్ష కూడా దానిమీదే జరుగుతుంది. క్లెయిమ్‌లోని మాటకు అర్థం తేల్చుకోవడానికి వివరణ ఉపయోగపడుతుందే తప్ప, క్లెయిమ్‌లో లేని షరతును చేర్చడానికి ఉపయోగపడదు. మీ క్లెయిమ్ ప్రకారం సెన్సర్ ఒక్కటున్నా, అది ఏ లోతులో ఉన్నా సరిపోతుంది. రేపు పక్క ఊరివారు ఒకే సెన్సర్‌తో ఏరేటర్ అమ్మితే అది మీ క్లెయిమ్ కిందికే వస్తుందని మీరే వాదిస్తారు. పొరుగువారి విషయంలో విశాలంగానూ ఎగ్జామినర్ ముందు ఇరుకుగానూ ఒకే క్లెయిమ్‌ను చదవడం కుదరదు. ‘రొయ్యల చెరువు కోసం’ అని చేర్చినంత మాత్రాన కూడా పెద్దగా ఫలితం ఉండదు.

సెక్షన్లు 57, 59 కింద సవరణ కోరి, రెండు లోతులనూ తేడానుబట్టి నడవడాన్నీ క్లెయిమ్‌లోకే తెచ్చుకోండి. వివరణలో అవి ముందే ఉన్నాయి, పైగా పరిధి తగ్గుతోంది కనుక సాధారణంగా అడ్డు ఉండదు. మీ మనసులో ఉండి కాగితం మీద లేనిదాన్ని మాత్రం ఇప్పుడు చేర్చలేరు.

అసలు వాదన ఈ సవరణ తర్వాతే మొదలవుతుంది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు 1978లో చెప్పినట్టు, కేవలం వర్క్‌షాపు స్థాయి మెరుగుదల పేటెంటుకు చాలదు. రెండో సెన్సర్ ఉత్త అదనమే అయితే మీ పరిస్థితి కష్టమే. అయితే పగటిపూట ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) వల్ల పైనీటిలో ఆక్సిజన్ దండిగా ఉండి అడుగున కొరతపడవచ్చు. పైన ఒక్క సెన్సరే ఉంటే ఆ కొరత దానికి అందదు. ఆ పాత పత్రాలు చదివిన, ఈ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న వ్యక్తికి తేడాను కొలవాలనే ఆలోచన వాటినుంచి ఎందుకు రాదో జవాబులో రాయండి. ఎగ్జామినర్ అభ్యంతరాలున్న నివేదిక మీకు పంపిన తేదీనుంచి 6 నెలల్లోగా అభ్యంతరాలను తీర్చకపోతే, సెక్షన్ 21 కింద దరఖాస్తును వదులుకున్నట్టే భావిస్తారు.