రోజువారీ భోజనంలోకి వెయ్యి లోపు వైన్: బెంగళూరులో ఏది కొనాలి, రుచి ఎలా చూడాలి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో ఉంటారు, వారంలో రెండు మూడు రాత్రులు భోజనంతో ఇద్దరూ చెరో గ్లాసు తాగుతారు, సీసా వెయ్యి రూపాయలు దాటకూడదు, ఇంట్లో వంట అచ్చంగా ఆంధ్రా వంట. ఏది కొనాలి, మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి అన్నారు.

పేర్లు తర్వాత చెప్తాను, ముందు షాపు సంగతి. ఈ ధరలో వైన్ పాడైందంటే చాలాసార్లు తప్పు తయారుచేసినవాళ్లది కాదు, ఎండది. మన ఊళ్లో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. బెంగళూరు ఎమ్మార్పీ షాపులు (సీసా మీది ధరకే మద్యం అమ్మేవి) అంతకన్నా నయమే కానీ, చాలా చోట్ల వైన్ అంటే పై అరలో ట్యూబులైటు కింద దుమ్ముపట్టి నిలబడ్డ నాలుగు సీసాలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇనుప షట్టర్ వెనక ఆ అర ఎంత కాగుతుందో ఊహించుకోండి. కొన్ని వారాలు అలా ఉడికితే పండు వాసన పోయి, మాడిన జామ్ వాసన మిగులుతుంది. ఏసీ ఉండి, వైన్‌కి విడిగా అరలుండి, సరుకు గబగబా తిరిగే షాపు చూసుకోండి. అక్కడ యాభై రూపాయలు ఎక్కువైనా నష్టం లేదు.

సీసా చేతికి తీసుకున్నాక చూడాల్సినవి: కార్క్ అంచు దాటి పైకి ఉబ్బిందా, మెడ దగ్గర జిగట చార ఉందా, పక్క సీసాల కన్నా మట్టం తగ్గిందా. ఏ ఒక్కటి కనిపించినా అక్కడే పెట్టేయండి. ‘రోజే’ అనే లేత గులాబీరంగు వైన్ చాలావరకు తెల్లగాజు సీసాలో వస్తుంది. వెలుతురు తగిలి తగిలి దానికి ఉడికించిన క్యాబేజీ వాసన పడుతుంది. ముందు వరసలోది కాకుండా అట్టపెట్టెలోంచి తీసిమ్మని అడగండి, మొహమాటం అక్కర్లేదు. మెలితిప్పే మూత ఉన్న సీసా చవకబారుదనుకోకండి. ఈ తరగతి వైన్‌కి కార్క్ కన్నా అదే మేలు.

తర్వాత సంవత్సరం. మన దేశంలో వైన్ ద్రాక్ష కోత ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య జరుగుతుంది. ఉష్ణమండలంలో తీగ చలికాలం నిద్రపోదు కాబట్టి, ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, చల్లటి రాత్రుల్లో కాయ పండేలా చేస్తారు. పులుపు నిలబడేది ఆ చలి వల్లే. లేబుల్ మీద ఉన్నది ఆ కోత సంవత్సరం. వైట్, రోజే అయితే ఈ ఏడాదిది, లేదంటే పోయినేడాదిది తీసుకోండి. అంతకన్నా పాతది తగ్గింపు ధరకి ఇస్తామన్నా వద్దు. రెడ్ మూడేళ్ల దాకా పర్వాలేదు. ‘వైన్ పాతబడే కొద్దీ బాగుంటుంది’ అన్న మాట ఈ ధరకి వర్తించదు. ఇవి ఉన్నవి ఉన్నట్టు తాగేయడానికి చేసినవి.

ఇక చలి. ‘రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అన్నది చలిదేశాల మాట, వాళ్ల గది 16–18 డిగ్రీలు. మన గది 27, 28. ఆ వేడిలో రెడ్ పోస్తే ముందు ముక్కుకి ఆల్కహాల్ ఘాటు కొడుతుంది, పండు వెనక్కి పోతుంది. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్, రోజే రెండు మూడు గంటలు ఉంచి, పోసే పది నిమిషాల ముందు బయటకు తీయండి. మరీ 4 డిగ్రీల్లో ఉంటే ఏ వాసనా తెలియదు. వైట్ తాగడానికి 8 నుంచి 12 డిగ్రీలు సరిపోతుంది. చుట్టాలొచ్చి తొందరైతే బకెట్లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాని మెడదాకా ముంచండి, పావుగంటలో చల్లబడుతుంది. ఒట్టి ఐసులో గుచ్చితే అంత త్వరగా అవదు, నీళ్లుంటేనే సీసా చుట్టూ చలి తగులుతుంది. డీప్ ఫ్రీజర్లో పెట్టి మర్చిపోతే సీసా పగలొచ్చు.

రుచి చూడటం పెద్ద విద్యేం కాదు. నిజానికి మనకి ఒక వెసులుబాటు ఉంది: వైన్‌లో కష్టమైన మాట ‘టానిన్’. దాన్ని మనం పుట్టినప్పటి నుంచీ ‘వగరు’ అంటున్నాం. నేరేడుపండు తిన్నాక నాలుక మొద్దుబారి చిగుళ్లు ఎండినట్టుంటుంది చూడండి, అదే. ఒకసారి ఇంట్లో ఇలా చేయండి: మూడు గ్లాసుల్లో నీళ్లు. ఒకదానిలో అరచెక్క నిమ్మరసం, ఒకదానిలో చెంచా పంచదార, మూడోదానిలో పాలు లేకుండా పది నిమిషాలు నానిన టీ డికాషన్. నిమ్మనీళ్లకి దవడ పక్కన నోరూరుతుంది, అది పులుపు. పంచదార నీళ్లు నాలుకంతా తియ్యగా తగులుతాయి, అది తీపి. డికాషన్ చిగుళ్లని ఆరబెడుతుంది, అది వగరు. ఈ మూడూ విడివిడిగా పట్టుకోగలిగితే ఏ వైన్ గురించైనా మాట్లాడగలరు. చాలామంది పులుపుని వగరనుకుంటారు. నోరు ఊరితే పులుపు, ఆరితే వగరు.

గ్లాసు మూతి లోపలికి ముడుచుకున్నట్టుండాలి, అడుగు వెడల్పుగా ఉండాలి. 50 మిల్లీలీటర్లు పోసి, తిప్పి, ముక్కు పెట్టి చిన్న చిన్న పీల్పులు పీల్చండి. ఒక్కసారే గట్టిగా పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. తర్వాత చిన్న గుక్క తీసుకుని, నోట్లో ఐదారు సెకన్లు తిప్పి మింగండి. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. ఐదు సెకన్లలో మాయమైతే మామూలుది, పది దాటితే ఆ ధరకి మంచిదే. వంటింట్లో పోపు వేస్తున్నప్పుడు, హాల్లో అగరుబత్తి వెలుగుతున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి. గిన్నెల సబ్బు వాసన గ్లాసులో మిగిలినా వైన్‌ని తప్పుపడతారు. వేడినీళ్లతో కడిగి బోర్లించండి.

వాసనకి ఇంగ్లీషు పుస్తకాల్లోని బెర్రీల పేర్లు వెతుక్కోనక్కర్లేదు. సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్‌లో పచ్చిగా తగిలేది బెంగళూరు మిర్చి వాసన. పోలిక కోసం అన్నది కాదు, రెంటిలోనూ ఉన్నది ఒకే రకం పైరజీన్ రసాయనం. షిరాజ్ ద్రాక్షతో చేసే రెడ్‌లో వచ్చే మిరియం ఘాటూ అంతే, రోటండోన్ అనే పదార్థం మిరియంలోనూ ఉంది, షిరాజ్ తొక్కలోనూ ఉంది. చెనిన్ బ్లాంక్ అనే ఇంకో వైట్‌లో దోరజామ, కాస్త తేనె. తెలిసిన రెండు సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టి, ఏది ఏదో తెలియకుండా పక్కపక్కన తాగి చూడండి. ధర కళ్లకి కనపడకపోతే నాలుక నిజం చెప్తుంది. ఒక్క సీసానే ఎన్నిసార్లు తాగినా ఏమీ పట్టుబడదు, రెండు పక్కపక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది.

పాడైంది గుర్తుపట్టడం: ముక్కిన గోనెసంచి, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ దోషం, దాన్ని బాగుచేయలేం. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన, వైట్‌లో గోధుమరంగు ఉంటే గాలి సోకింది. గోళ్లరంగు తుడిచే మందు ఘాటైతే పులిసిపోతోంది. ఉడికిన గుడ్డు వాసన ఒక్కటి మాత్రం తరచూ దానంతటదే పోతుంది: గ్లాసు బాగా తిప్పండి, పోకపోతే శుభ్రమైన రాగి తీగ ముక్కతో కొన్ని సెకన్లు కలపండి (పూజగదిలో ఉద్ధరిణె జోలికి పోకండి). అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి కనిపిస్తే భయపడక్కర్లేదు, ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం చలికి గడ్డకట్టిన లవణం అది.

మీ వంటకి ఏది సరిపోతుందన్నది అసలు ప్రశ్న. ఎందుకో చాలామంది ముందు రెడ్ కొంటారు. నా మాట వింటే, ఆంధ్రా భోజనానికి నాలుగు సీసాల్లో మూడు వైట్, రోజే ఉండాలి. కారం ఉన్న కూర మీద ఆల్కహాల్ పడితే మంట రెట్టింపవుతుంది, వగరు మరింత గరుకవుతుంది. 14 శాతం ఆల్కహాల్ ఉన్న వగరు రెడ్, గుంటూరు కారం వేసిన కోడికూర కలిస్తే రెండూ చెడతాయి. కారానికి విరుగుడు చలి, కొద్దిపాటి తీపి, తక్కువ ఆల్కహాల్. పులుపు సంగతి వేరు: కూరలో పులుపు వైన్ పులుపు కన్నా ఎక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. గోంగూర మాంసం, చింతపండు పులుసు, మామిడికాయ పప్పు ఉన్నరోజు పులుపు గట్టిగా ఉన్న సావిన్యాన్ బ్లాంక్ తీయండి. చేపల పులుసుతో రెడ్ అస్సలు వద్దు, రెడ్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిసి నోట్లో తుప్పు రుచి తెస్తుంది. బిర్యానీకి రోజే, మిరియం దట్టించిన మటన్ వేపుడుకి షిరాజ్. ఆవకాయకి జోడీ వైన్ ఈ భూమ్మీద లేదు, పెరుగన్నంలోకి దాచుకోండి.

ఇప్పుడు పేర్లు. రోజువారీకి సూలా చెనిన్ బ్లాంక్ నా మొదటి ఓటు. నాసిక్ సరుకు, కొంచెం తీపి ఉంటుంది, కారం కూరకి అదే కావాలి. తీపి నచ్చకపోతే వాళ్ల సావిన్యాన్ బ్లాంక్. గ్రోవర్ జంపా మన పక్కనే నంది కొండల దగ్గర, దొడ్డబళ్లాపుర వైపు ఉంది. వాళ్ల ఆర్ట్ కలెక్షన్‌లో సావిన్యాన్ బ్లాంక్, షిరాజ్ రోజే, కాబర్నే షిరాజ్ (రెడ్) మూడూ పనికొస్తాయి. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గరి ఫ్రాటెల్లీ చేసే సాంజియోవేసే, రెడ్‌లలో కాస్త పులుపున్న రకం, టమాటా కూరలతో బాగా నప్పుతుంది. గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్, సూలా వాళ్ల దిండోరి రిజర్వ్ షిరాజ్ మీ వెయ్యి దాటుతాయి, పండగకి ఉంచుకోండి. హంపి దగ్గర తోట వేసిన కృష్మా తెలుగువాళ్లదే. వైన్ గట్టిది, ధరా గట్టిదే, రోజువారీ మాటల్లోకి రాదు. ధరలు మారుతుంటాయి, సీసా మీద ఎమ్మార్పీ చూసుకోండి.

విదేశీ వైన్ వెయ్యికి దొరికినా తొందరపడకండి. దిగుమతి సుంకం ఏళ్ల తరబడి 150 శాతం. 2022 డిసెంబర్ చివర్లో ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందం అమల్లోకొచ్చాక ఆ దేశపు సీసాలకి ఒక స్థాయి ధర దాటితే తగ్గింది. సుంకం, రాష్ట్రం పన్ను, రవాణా, షాపు లాభం పోగా అడుగు ధర సీసాలో అసలు వైన్‌కి దక్కేది చాలా తక్కువ. అదే వెయ్యికి మన దేశపుదే నయం.

చవగ్గా దొరికే ‘పోర్ట్’ (తీపి వైన్) సీసాల గురించి: వాటిలో చాలావరకు బెంగళూరు బ్లూ ద్రాక్షవి. బజార్లో జ్యూసుకి, తినడానికి అమ్మే నల్లద్రాక్షే అది, బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్లాపుర, కోలార్ వైపు పండుతుంది, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పండుగా బాగుంటుంది. వైన్‌గా చేస్తే సిరప్ లాంటి ఒక ప్రత్యేక వాసన వస్తుంది, పైన తీపి. భోజనంతో వద్దు. కేకులో వేసుకోండి. మెరిసే వైన్ (బుడగలు పొంగే స్పార్క్లింగ్) కొంటే లేబుల్ మీద ఇంకో మెలిక: ‘ఎక్స్‌ట్రా డ్రై’ అన్నది ‘బ్రూట్’ కన్నా తియ్యన. లీటరుకి బ్రూట్‌లో 12 గ్రాముల లోపు పంచదార, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17. ఉల్లిపాయ పకోడీలకి బ్రూట్.

లెక్క: 750 మిల్లీలీటర్ల సీసాకి 150 చొప్పున ఐదు గ్లాసులు. 900 సీసా అయితే గ్లాసు 180. పెగ్గు లెక్కలో చెప్పాలంటే, 13 శాతం వైన్ ఒక గ్లాసులో ఆల్కహాల్ 19.5 మిల్లీలీటర్లు, 42.8 శాతం విస్కీ 30 మిల్లీ పెగ్గులో 12.8. అంటే ఒక గ్లాసు ఒకటిన్నర చిన్న పెగ్గు. ద్రాక్షరసమే కదా అని బండి తీయకండి.

ఇద్దరికి చెరో గ్లాసంటే మూడు గ్లాసులు మిగులుతాయి. సీసా సగం ఖాళీగా ఉంటే లోపలి గాలే దాన్ని చంపుతుంది. 375 మిల్లీ ఖాళీ సీసా ఒకటి వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి ఉంచుకోండి. తెరవగానే ముందు దాన్ని అంచుదాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మిగిలింది ఆ రాత్రి తాగండి. అలా అయితే నాలుగైదు రోజులు నిలుస్తుంది. పెద్ద సీసాలోనే వదిలేస్తే వైట్ మూడు రోజులు, రెడ్ మూడు నాలుగు రోజులు, రెండూ ఫ్రిజ్‌లోనే. ఫ్రిజ్ తలుపులో కాదు, లోపలి అరలో, నిలబెట్టి. మెరిసేది మర్నాటికే చప్పబడుతుంది. ఐదో రోజు రెడ్ మిగిలితే తాగే ప్రయత్నం మానేసి, మటన్ కూరలో మసాలా వేగాక అరకప్పు పోసి, పులిసిన వాసన పోయేదాకా మూత లేకుండా మరిగించండి. ఆరోజు టమాటా సగానికి తగ్గించండి, లేకపోతే కూర పుల్లబడుతుంది.