సాక్షిని తయారు చేయకండి, నోటు వెనక్కి తిప్పండి

ప్రశ్న: కూతురి పెళ్లికని అడిగితే 2022 మార్చి 10న స్నేహితుడికి ప్రోనోటు మీద 4 లక్షలు ఇచ్చాను. ఆ సంతకం తనది కాదని ఇప్పుడు అంటున్నాడు. సాక్షుల్లో ఒకరు చనిపోయారు. రెండో ఆయన అతని బావమరిది, అటు తిరిగిపోయాడు. మా కజిన్ తానూ అక్కడున్నానని చెప్తానంటున్నాడు. చెప్పించవచ్చా? 2023 నవంబరులో 10 వేలు ఇచ్చి, నోటు వెనక జమ రాసి సంతకం పెట్టాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ కేసు ప్రాణం ఎక్కడుందో మీరు ఆఖర్న రాశారు. ప్రోనోటుకు గడువు మూడేళ్లు. జమ లేకపోతే 2025 మార్చితోనే మీ దావాకు కాలం చెల్లేది. అతని సంతకంతో ఉన్న ఆ జమ వల్ల గడువు మళ్లీ మొదలైంది. అది 18వ తేదీదైతే 2026 నవంబరు 18 లోపు దావా పడాలి. ఇన్నాళ్లూ ఒక్క నోటీసైనా ఇవ్వకుండా కూర్చోవడం మీ తప్పే.

కజిన్ మాట మర్చిపోండి. నోటు మీద పేరు లేనివాడు హఠాత్తుగా ఊడిపడితే మీ నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలు. ఒక కేసులో ముగ్గురు సాక్షులూ చీఫ్ అఫిడవిట్లలో (ప్రమాణం చేసి రాసిచ్చే సాక్ష్యాల్లో) ఒకే వాక్యాలు అప్పజెప్పారు. క్రాస్‌లో ఎదుటి పక్షం లాయరు ‘సంతకం పెట్టిన పెన్ను సిరా ఏ రంగు?’ అని అడిగితే ముగ్గురూ నీలం అన్నారు. నోటు మీద నల్ల సిరా!

ప్రోనోటుకు సాక్షి సంతకాలు ఉండి తీరాలని చట్టంలో లేదు. ఇంతమంది సాక్షులు కావాలన్న లెక్కా లేదు. మామూలుగా ముందు బోనెక్కాల్సింది వాదిగా మీరే. డబ్బు ఎందుకు అడిగాడు, ఎక్కడ కూర్చుని ఎంచి ఇచ్చారు అన్నవి చెప్పండి, గుర్తులేనిది గుర్తులేదనండి. తర్వాత నోటు రాసిన దస్తూరి. మీ కథలో ఆయన చెప్పాల్సింది ఒక్క ముక్కే: నోటు నేను రాశాను, నా ముందే సంతకం పెట్టాడు. ఆ డబ్బు బ్యాంకులో తీసినదైతే స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. అతను కాదనలేని ఆ కాలపు సంతకాలు, రిజిస్ట్రేషన్ కాగితాల్లాంటివి, తెప్పించి నిపుణుడి పరిశీలనకు పంపమని పిటిషన్ వేయొచ్చు. సంతకం అతనిదేనని తేలితే, డబ్బు ముట్టలేదని నిరూపించే భారం అతని మీద పడుతుంది.

అసలు నోటు ఎవరి చేతికీ ఇవ్వకండి. రెండు వైపులా జిరాక్స్ తీసి ఈ వారమే లాయరుతో నోటీసు పంపండి. జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు మాత్రం దాటనివ్వకండి.