లింకన్ ఇంటి మేక

అమ్మాయీ,

అమెరికా చరిత్ర మీద పిల్లలకి రాసి, ముందుమాట అడుగుతూ నువ్వు పంపిన రాతప్రతి అందిన రోజే చదివేశాను. జవాబు రాయడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. తప్పంతా తొమ్మిదో పేజీది. “వాషింగ్టన్ గారి మౌంట్ వెర్నన్ ఇంట్లో బోలెడుమంది పనివాళ్ళు సంతోషంగా ఉండేవారు” అని రాశావు. అది చూసి వచ్చిన కోపంలో రాస్తే బాగుండదని ఆగాను. ఆగినా పెద్దగా తగ్గలేదనుకో.

పనిమనిషంటే మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ. నెల తిరిగేసరికి జీతం అడుగుతుంది, మా మాట నచ్చకపోతే మర్నాటి నుంచి రాదు. మౌంట్ వెర్నన్‌లో అలా కుదరదు. వాషింగ్టన్ పోయిన 1799లో అక్కడ 317 మంది బానిసలున్నారు. ఓనా జడ్జ్ అనే అమ్మాయి ఆయన భార్య మార్తాకి తల దువ్వేది, బట్టలు కుట్టేది. పెళ్ళయిన మనవరాలికి తనని ఇచ్చేస్తారని తెలిసింది. 1796 మే నెలలో, అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో ఇంట్లోవాళ్ళు భోజనానికి కూర్చున్న వేళ చూసి బయటికి నడిచింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్ చేరింది. పేపర్లో ప్రకటన పడింది: ముఖం మీద చుక్కలు, బాగా నల్లని కళ్ళు, పట్టిచ్చినవాళ్ళకి 10 డాలర్లు. అప్పటికి ఆ ఇంటాయన దేశాధ్యక్షుడు. ఇంత కథ చేతికందే దూరంలో ఉండగా “సంతోషంగా” అని ఎలా రాయబుద్ధయింది నీకు?

చిన్నపిల్లలు కదండీ, వాళ్ళకెందుకు ఆ బాధ అంటావు. అక్కడి పెద్ద ప్రచురణ సంస్థే ఒకటి అలా అనుకుని 2016 జనవరిలో ఓ బొమ్మల పుస్తకం తెచ్చింది. వాషింగ్టన్ పుట్టినరోజుకి ఆయన బానిస వంటవాడు హెర్క్యులిస్, కూతురితో కలిసి కేకు చేస్తుంటాడు. బొమ్మల్లో నవ్వులే నవ్వులు. జనం దుమ్మెత్తిపోశారు, నెల తిరక్కముందే వెనక్కి తీసుకున్నారు. హెర్క్యులిస్ నిజంగా పారిపోయింది ఎప్పుడో తెలుసా? 1797 ఫిబ్రవరి 22న. వాషింగ్టన్ 65వ పుట్టినరోజు నాడు.

నీ పుస్తకం డల్లాస్‌లో ఆదివారాలు తెలుగు నేర్చుకునే పిల్లల కోసమన్నావు. బానిసత్వం సంగతి వాళ్ళకి బడిలో ఎలాగూ చెబుతారు. ఇంగ్లిషులో ఒకటి విని, తెలుగులో ఇంకోటి చదివితే, అబద్ధాలాడేది తెలుగే అనుకుంటారు.

నీ రెండో అధ్యాయంలో చిన్నప్పటి వాషింగ్టన్ గొడ్డలితో చెర్రీ చెట్టు నరికి, నేనే నరికానని నిజం ఒప్పుకునే కథ చూసి మాత్రం నవ్వొచ్చింది. అచ్చయిన నా మొదటి కథ అదే. వాషింగ్టన్ పోయాక వీమ్స్ అనే పాస్టరు, ఊరూరా తిరిగి పుస్తకాలమ్మేవాడు, 1806లో తన పుస్తకం ఐదో కూర్పులో దాన్ని చేర్చాడని అప్పట్లో నాకు తెలీదు. మొదటి నాలుగు కూర్పుల్లో లేనిది ఐదోదాంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి. నేను పంపిన పత్రిక సంపాదకుడు, చెర్రీ అంటే మన పిల్లలకి తెలీదని దాన్ని జామచెట్టు చేశాడు. వాషింగ్టన్ పుట్టిన వర్జీనియాలో జామచెట్టు! (బేకరీ కేకు మీద ఎర్రగా కనబడేది కూడా చాలాసార్లు చెర్రీ కాదు, పాకంలో ఊరేసిన వాక్కాయ. అది వేరే సంగతి.) కథ కింద గడి కట్టి, లావు అక్షరాల్లో “నీతి” అని వేశాడు. పదిహేను రూపాయల మనియార్డరు వచ్చింది. మా అమ్మ పోస్ట్‌మాన్‌కి కాఫీ ఇచ్చింది.

ఆ గడి ఇరవై ఏళ్ళు నా ప్రాణం తీసింది. ఏది పంపినా “నీతి ఏదండీ?” అని తిప్పి పంపేవాళ్ళు. ఇప్పుడు ఆ గడే పేరు మార్చుకుని “స్ఫూర్తి” అయింది, అట్ట మీదికే ఎక్కింది. నేను మొండివాణ్ణనే అనుకో. నీతి కోసం చరిత్రలో దేవులాడేవాడి చేతికి కట్టుకథలే తగులుతాయి. నీ చేతికీ అవే తగిలాయి.

లింకన్ దగ్గర జరిగింది అదే. కొడుకు టీచరుకి రాసిన లేఖ అని రెండు పేజీలు దింపావు. మన హెడ్‌మాస్టర్ల గదుల్లో ఫ్రేము కట్టి ఉంటుంది, టీచర్స్ డే వస్తే వాట్సాప్‌లో నాకే నాలుగుసార్లు వస్తుంది. అది లింకన్ రాసింది కాదమ్మా. ఆయన రాతలన్నీ పోగేసి 1953లో సంపుటాలుగా వేశారు, అందులో అది లేదు. ఆ ఇంటి సంగతి తెలిసినా అది పొసగదు. చిన్నవాడు టాడ్‌కి మాట సరిగ్గా తిరిగేది కాదు. చదువు చెప్పడానికి వచ్చినవాళ్ళు నిలిచేవారు కాదు. తండ్రేమో ఆడుకోనివ్వండి, చదువుకి బోలెడు టైముంది అనేవాడు.

అసలు ఉత్తరం కావాలా? 1863 ఆగస్టు 8. అమెరికా అంతర్యుద్ధం నడుస్తోంది, అందులో గెటిస్‌బర్గ్ పోరు జరిగి నెల దాటింది. భార్య, టాడ్ ఊళ్ళో లేరు. లింకన్ భార్యకి రాశాడు: టాడ్‌తో చెప్పు, పాపం నానీ మేక కనబడటం లేదని. మీరు వెళ్ళిన రోజు టాడ్ మంచం నడిమధ్యన పడుకుని నెమరేస్తూ కనిపించిందట. పూలమొక్కలు పాడుచేస్తోందని తోటమాలి గోల పడలేక దాన్ని వైట్‌హౌస్‌కి తెప్పించారట. రెండో రోజుకల్లా మాయం.

మా మనవడికి ఇది చెబితే, మేక దొరికిందా అన్నాడు. తెలీదురా, ఉత్తరంలో దాని సంగతి అంతటితో ఆగిపోయిందన్నాను. ఆ రోజంతా నా వెనకే తిరిగాడు. ఎవరైనా కోసుకు తిన్నారేమో తాతయ్యా, సైనికులు తోలుకుపోయారేమో. మర్నాడు, అక్కడ సైనికులెందుకున్నారు అన్నాడు. అక్కణ్ణుంచి యుద్ధంలోకి వెళ్ళాం, యుద్ధంలోంచి బానిసల దగ్గరికి. మూడు రోజులు పట్టింది మాకు.

ఇరవై మూడో పేజీ బాగుంది. బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నప్పుడు బాల్టిమోర్ వీధుల్లో తెల్ల కుర్రాళ్ళకి రొట్టెముక్కలిచ్చి, బదులుగా చదవడం నేర్చుకున్న చోట. కిందనే మళ్ళీ “కాబట్టి పిల్లలూ” అని మొదలెట్టావు. ఆ నాలుగు లైన్లూ ఎర్ర సిరాతో కొట్టేశాను.

ముందుమాట సంగతి తర్వాత చూద్దాం. ముందు తొమ్మిదో పేజీ తిరగరాసి పంపు, బానిసలు అన్న మాట పెట్టి. ఒక్క పేజీయే పంపు. నువ్వు మెయిల్‌లో పంపిన కట్టంతా ప్రింటు తీయించాను, వీధి చివర జిరాక్సు షాపువాడు పేజీకి ఐదు రూపాయలు లాగాడు.

ఆశీస్సులతో.