నిలదొక్కుకున్న మనిషి గురించి రాసేటప్పుడు

చిరంజీవి రచయిత్రికి,

నీ వ్యాసం అందింది. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసి అప్పులపాలై ప్రాణం తీసుకున్న కౌలురైతు భార్య, కుట్టుమిషను ఆధారంగా ఇద్దరు పిల్లల్ని చదివించుకున్న తీరు గురించి నువ్వు రాసిన ఆ పేజీలను ఒకటికి రెండుసార్లు చదివాను. వాక్యం నీ మాట వింటోంది. ఆ విషయంలో నేను చెప్పవలసింది పెద్దగా లేదు. నాకున్న అభ్యంతరమల్లా ఒకటే. భర్త పోయిన రోజుకూ, ఆమె కుట్టుమిషను ముందు కూర్చున్న రోజుకూ నడుమ నాలుగేళ్లు గడిచాయని నువ్వే రాశావు. ఆ నాలుగేళ్లనూ "గుండె రాయి చేసుకుని" అన్న ఒక్క ముక్కతో దాటేశావు. సమాజం గురించి రాసేవాళ్లకు అసలు పని ఉన్నది ఆ నాలుగేళ్లలోనే.

ఆ కాలంలో ఆమె ఏయే ఆఫీసుల మెట్లెక్కిందో, ఏ కాగితం కోసం ఎవరింటి ముందు నిలబడిందో నీ వ్యాసంలో లేదు. ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 జూన్ 1న 421 నంబరు జీవో ఇచ్చింది. కుటుంబ పునరావాసానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50 వేలు అందులో చెప్పిన మొత్తం. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ ఆ మొత్తాన్ని పెంచాయి. 2015లో తెలంగాణ 6 లక్షలు చేసింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడు 5 లక్షలకూ, 2019లో 7 లక్షలకూ పెంచింది. సొమ్ము పెరిగింది గాని అది ఇంటికి చేరే దారి మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది. మండలంలో తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారించాలి. ఆపైన ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కలిసిన డివిజన్ స్థాయి కమిటీ ఆ మరణం "జెన్యూన్" అవునో కాదో తేల్చాలి. చనిపోయినవాడు రైతేననీ, వ్యవసాయపు అప్పు వల్లనే చనిపోయాడనీ రుజువు చేసే భారం, మైల స్నానాలు కూడా పూర్తికాని ఆ ఇంటి ఆడమనిషి మీద పడుతుంది.

ఇక్కడ కాస్త నిదానంగా చూడు. కమిటీ ముందుకు వెళ్లే కాగితాలలో మొదటిది ఎఫ్ఐఆర్. శవం ఇంకా పోస్టుమార్టం గదిలో ఉండగా, ఏడ్చి ఏడ్చి మాట పడిపోయిన మనుషుల నుంచి తీసుకున్న ఫిర్యాదు అది. అందులో "కడుపునొప్పి తాళలేక" అన్న మాట పడిన ఉదంతాలు రాయలసీమ నుంచి తెలంగాణ దాకా ఎన్నో ఉన్నాయి. అప్పుల సంగతి రాస్తే కేసు పెద్దదవుతుందని ఎవరో బెదరగొట్టి ఉండవచ్చు, పరువు పోతుందని ఇంటివాళ్లే దాచి ఉండవచ్చు, రాసే కానిస్టేబులు చేతికి ఆ మాట అలవాటై ఉండవచ్చు. కారణం ఏదైనా, కొన్ని నెలల తర్వాత కమిటీ ఆ ఫైలు తెరిచినప్పుడు మరణానికి కారణం అనారోగ్యమని ఉంటుంది, దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. నువ్వు రాసిన ఆమె విషయంలో ఎఫ్ఐఆర్‌లో ఏముందో నీకు తెలుసా? తెలియకపోతే ఆమె ఓర్పు ఎంతటిదో కూడా నీకు తెలియదన్నమాటే, ఎందుకంటే ఆమె దేనిని ఓర్చుకుందో నువ్వింకా చూడలేదు.

రెండో కాగితం భూమిది. ఆమె భర్త కౌలుదారు. మన పల్లెల్లో కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. పాసుపుస్తకం ఆసామి పేరున ఉంటుంది, బ్యాంకు రుణం ఆయన పేరున వస్తుంది, పంట నష్టపరిహారం ఆయన ఖాతాలో పడుతుంది. అప్పు మాత్రం కౌలుదారుది. అది కూడా ఎరువుల కొట్లోనో వడ్డీ వ్యాపారి దగ్గరో, ప్రామిసరీ నోటు మీదో అదీ లేకుండానో తెచ్చినది. ఈ చిక్కు విప్పడానికే 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో మరో చట్టం తెచ్చింది. ఈ రెండో చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద కౌలుదారుకు హక్కు వచ్చేస్తుందేమోనని ఆసామి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇవ్వడేమోనని కౌలుదారు భయం. చట్టం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పే తొందర వద్దు. ఈ రెండు భయాలూ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే సన్నివేశం నువ్వు రాయగలిగితే ఆ చట్టం ఎందుకు నడవలేదో పాఠకుడికి దానంతట అదే తెలిసిపోతుంది.

ఇదంతా చదివి నీ కలం తహసీల్దారు ఆఫీసులోని జూనియర్ అసిస్టెంటు మీద విరుచుకుపడుతుందని నాకు తెలుసు. ఆగు. సరైన పత్రం లేకుండా సొమ్ము మంజూరైతే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుంది, సంతకం పెట్టినవాడి జీతంలోంచి రికవరీ చేసే అవకాశం ఉంటుంది. "లేదు" అని రాస్తే ఎవరూ అడగరు, "ఉంది" అని రాస్తే పదేళ్ల తర్వాత కూడా అడుగుతారు. మనసు మంచిదే అయినా చేయి వెనక్కి లాగేలా ఏర్పాటు చేసిన వ్యవస్థ అది. లంచం అడిగేవాళ్లు లేరని కాదు, ఉన్నారు, ఉన్నప్పుడు రాయవలసిందే. అయితే దుర్మార్గుడైన గుమాస్తాను చూపించి వ్యాసం ముగిస్తే, ఆ గుమాస్తా బదిలీ అయిన మర్నాడు అంతా సర్దుకుంటుందని చెప్పినట్టవుతుంది. అలా సర్దుకోదని నీకూ తెలుసు.

ధైర్యాన్నీ వ్యవస్థనూ విడదీయకుండా రాయడం మనకేమీ కొత్త కాదు. వితంతు పునర్వివాహాన్ని చట్టం 1856లోనే అనుమతించింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి పెళ్లి జరిపించింది 1881 డిసెంబరు 11న. నడుమ పాతికేళ్లు చట్టం కాగితం మీద అలాగే ఉంది. ఆ పాతికేళ్లను పంతులుగారి పట్టుదల ఒక్కటే దాటించిందని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. కాని ఆ పెళ్లి వెనుక కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి డబ్బుంది, గురువు వెంట నిలిచిన విద్యార్థులున్నారు, వంటవాళ్లూ నీళ్లు తెచ్చేవాళ్లూ మానేసినప్పుడు స్వయంగా నీళ్లు మోసిన పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారున్నారు. వెలి అనేది కూడా ఒక వ్యవస్థే. దానికి గుమాస్తాలు లేరు, జీవోలు లేవు, అయినా దాని ఆజ్ఞ తహసీల్దారు ఆజ్ఞ కంటే త్వరగా అమలవుతుంది. నువ్వు రాసిన ఆమెను పెళ్లిళ్లకూ పేరంటాలకూ పిలవడం ఎప్పుడు మానేశారో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టారో అడిగావా?

దూబగుంట సంగతి కూడా ఈ కోణంలోంచే మళ్లీ చదువుకో. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. రాత్రిపూట బడికి వచ్చిన ఆడవాళ్లకు వాచకంలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల పాఠం ఎదురైంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. వాళ్లలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది, జిల్లాలో సారా వేలం పాటలు ఆగాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ, 1997లో దాని సడలింపూ జరిగాయి. అది వేరే కథ. ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఏమిటంటే, రాత్రి బడి పెట్టినదీ సారా వేలం పాట పెట్టినదీ ఒకే జిల్లా యంత్రాంగం. పలకా బలపం ఇచ్చిన చెయ్యే ప్యాకెట్టు సారా అమ్మకానికి అనుమతినీ ఇచ్చింది. పగలంతా చేలల్లో విడివిడిగా అలసిపోయిన ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చునే వీలు ఆ బడి వల్ల కలిగింది. రోసమ్మ తెగువను ఇది ఏమాత్రం తగ్గించదు. ఆ తెగువకు కూర్చోవడానికి ఒక చోటు దొరికిందని మాత్రమే చెబుతుంది. నీ వ్యాసంలో ఆమెకు అలాంటి చోటు ఏది? పొదుపు సంఘమా, పుట్టింటి వసారానా, కుట్టుపని నేర్పిన మరో ఆడమనిషి గడపా? ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, వెతుకు.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల మీద నాకు కోపమేమీ లేదు. పరీక్ష తప్పిన కుర్రవాడికి అవి ఒక రాత్రి గడవడానికి సాయపడతాయంటే అదీ మేలే. కాని వాటి పద్ధతి నీ వ్యాసంలోకి రానివ్వకు. అనుకుంటే సాధించవచ్చని రాసిన ప్రతిసారీ, సాధించలేనివాళ్లు అనుకోలేదనే అర్థం దాని వెనుకే వస్తుంది. అదే ఊళ్లో, అదే ఏడు, అదే పంట మీద భర్తను పోగొట్టుకుని, నిలదొక్కుకోలేక వలస వెళ్లిన మరో ఇల్లాలు ఉండే ఉంటుంది. ఆమె ప్రస్తావన ఒక్క పేరా ఉన్నా నీ వ్యాసం నిజాయితీ పెరుగుతుంది.

అంకెల గురించి ఒక మాట. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వెలువరించే ఆత్మహత్యల నివేదిక నువ్వు ఉదహరించావు, మంచిదే. అయితే ఆ అంకె పుట్టేది కూడా పోలీస్ స్టేషనులోనే, నేను పైన చెప్పిన ఎఫ్ఐఆర్ దగ్గరే. 2014 లెక్కల నుంచి ఆ సంస్థ సాగుదార్లనూ వ్యవసాయ కూలీలనూ వేర్వేరుగా చూపిస్తోంది. పట్టా లేని కౌలుదారు, పొలంలో పగలంతా పనిచేసే భార్య ఏ గడిలో పడతారన్నది రాసేవాడి చేతిలో ఉంటుంది. కాబట్టి 2014కు ముందు అంకెనూ తర్వాతి అంకెనూ పక్కపక్కన పెట్టి తగ్గిందనో పెరిగిందనో రాసేయకు.

ఇక చేయవలసిన పని. సమాచార హక్కు చట్టం కింద ఆర్డీవో కార్యాలయానికి దరఖాస్తు పెట్టు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. గడిచిన అయిదేళ్లలో డివిజన్ కమిటీ ముందుకు ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్ని తిరస్కరించారో, ప్రతి తిరస్కరణకూ ఏ కారణం రాశారో అడుగు. పేర్లు అడగకు, నీకవి అక్కర్లేదు. జవాబు అరకొరగా వస్తే ఆ అరకొర జవాబునే వ్యాసంలో పెట్టు.

ఆమె విషయంలో మాత్రం జాగ్రత్త. అతను ఎలా చనిపోయాడో మొదటి పేజీలో నువ్వు వర్ణించిన ఎనిమిది వాక్యాలూ కొట్టెయ్యి. పాఠకుడికి వాటితో పనిలేదు, ఏదో ఒక ఇంట్లో అదే ఆలోచనలో కూర్చున్న మరొకరికి అవి కీడు చేయవచ్చు. ఆ పిల్లలు రేపు ఈ వ్యాసం చదువుతారు. ఊరి పేరూ బడి పేరూ తీసేసినంత మాత్రాన సరిపోదు, కుట్టుమిషను ఇచ్చిన దాత పేరు చూసి ఆనవాలు పట్టేవాళ్లుంటారు. అచ్చుకు ఇచ్చే ముందు మొత్తం ఆమెకు చదివి వినిపించు. ఆమె వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసెయ్యి. నీకు ఇష్టమైన వాక్యమే వద్దంటుంది, చూస్తూ ఉండు.

పుస్తకం వెయ్యాలని ఉందని రాశావు. ఇలాంటి మనుషుల మీద పన్నెండు వ్యాసాలు రాసి ఒకచోట కుడితే పుస్తకం బరువు వస్తుందేమో గాని పుస్తకం రాదు. ఒకే డివిజన్, ఒకే కమిటీ, దాని తలుపు దాకా వచ్చిన అయిదారు కుటుంబాలు, ఆ బల్లకు అటువైపు కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు చాలు. రిటైరైన వ్యవసాయాధికారులు మనసు విప్పి మాట్లాడతారు, వాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టు. ఫైలులో ఏ కాగితం కింద ఏ కాగితం ఉంటుందో, నోటుఫైలు మీద ఎవరు మొదట రాస్తారో వాళ్లు చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేరు.

ఈసారి వ్యాసం పంపినప్పుడు ఎఫ్ఐఆర్ నకలు ఆమె అనుమతితో సంపాదించి, పేర్లు కొట్టేసి జతచెయ్యి. ఆ కాగితం మీద కారణం ఏమని రాసి ఉందో చూశాకే మిగతా విషయాలు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి